భారీ వర్షాల అంచనాలో ఉపగ్రహ నావిగేషన్, రాడార్ డేటా: తరచుగా అడిగే ప్రశ్నలు

భారీ వర్షాల అంచనా గురించి ఎప్పుడు మాట్లాడినా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. దారి చూపించే ఉపగ్రహాలకూ వానకూ ఏమిటి సంబంధమని కొందరు, రాడార్ ఉండగా మరొకటి ఎందుకని ఇంకొందరు అడుగుతున్నారు. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

దారి చూపించే ఉపగ్రహాలకు వర్షం సంగతి ఎలా తెలుస్తుంది?

ఉపగ్రహాలకు తెలియదు. వాటి సంకేతాలు ఏ గాలిని దాటి వస్తున్నాయో ఆ గాలి చెబుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి బయలుదేరిన రేడియో సంకేతం వాతావరణంలోకి వచ్చేసరికి కాస్త నెమ్మదిస్తుంది. ఆ ఆలస్యాన్ని దూరంగా మార్చి చూస్తే, ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు సముద్ర మట్టం దగ్గర దాదాపు రెండున్నర మీటర్లు ఉంటుంది. ఇందులో 2.3 మీటర్ల దాకా పొడి గాలి వాటా. మిగిలినది, కొన్ని సెంటీమీటర్ల నుంచి 40 సెంటీమీటర్ల వరకు, నీటి ఆవిరి వాటా. భూమిని కొలిచేవారు ఏళ్ల తరబడి ఈ ఆలస్యాన్ని పొరపాటుగా భావించి తీసేస్తూ వచ్చారు. దానినే వాతావరణ కొలతగా వాడుకోవచ్చని మైకేల్ బెవిస్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన పత్రంలో చూపించారు.

నా ఫోనులో కూడా జీపీఎస్ ఉంది కదా, అది ఈ పని చేయదా?

ఈ పనికి కావలసినంత కచ్చితంగా చేయదు. ఫోను తన చోటును కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది. ఇక్కడ కావలసింది మిల్లీమీటర్లలో కొలత. అందుకే కదలని గట్టి దిమ్మె మీద మంచి యాంటెన్నా పెట్టి, రెండు మూడు పౌనఃపున్యాల్లో సంకేతాలను అందుకునే రిసీవర్‌తో రాత్రింబగళ్లు నమోదు చేస్తారు. స్టేషన్ ఎక్కడ ఉందో ముందే అతి కచ్చితంగా తెలిసి ఉంటుంది. కాబట్టి మిగిలిన ఆలస్యాన్ని గాలి ఖాతాలో వేయగలుగుతారు.

రాడార్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

రాడార్‌కు కనిపించేది చినుకు. చినుకుగా మారకముందు గాలిలో ఉన్న ఆవిరి వర్ష రాడార్‌కు కనిపించదు. ఆకాశం నిర్మలంగా ఉండి రాడార్ తెర ఖాళీగా ఉన్న గంటల్లోనే, కింద గాలిలో తేమ అంతకంతకు పేరుకుంటూ ఉండవచ్చు. ఆ దశను నావిగేషన్ స్టేషన్లు పట్టుకుంటాయి. అయితే ఆ ఆవిరి ఎక్కడ, ఎప్పుడు వానగా మారిందో, ఆ వాన ఎటు కదులుతోందో స్టేషన్ చెప్పలేదు. అది రాడార్ పని.

ఒకటి సరుకు ఎంత ఉందో చెబుతుంది, రెండోది ఆ సరుకు ఎక్కడ ఖర్చవుతోందో చెబుతుంది. కుంభవృష్టి అంచనాలు తప్పడానికి పెద్ద కారణాల్లో ఒకటి వాన మొదలయ్యే ముందటి తేమ సరిగ్గా తెలియకపోవడం. అందుకే ఈ రెండింటినీ పోటీదారులుగా చూడటం సరికాదని గట్టిగా నమ్ముతాను.

గాలిలోని ఆవిరి అంతా ఒక్కసారి కురిస్తే ఎంత వాన పడుతుంది?

ఒక చోట నేల నుంచి పైదాకా ఉన్న ఆవిరినంతా నీరుగా మార్చితే ఎన్ని మిల్లీమీటర్ల లోతు వస్తుందో ఆ లెక్కనే ఈ రంగంలో వాడతారు. ధ్రువ ప్రాంతాల్లో అది కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. తేమతో నిండిన ఉష్ణమండల గాలిలో 60 మి.మీ. దాటుతుంది. 50 మి.మీ. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతం మీద అది 50 లక్షల టన్నుల నీరు.

మరి గాలిలో 60 మి.మీ. ఉంటే నేల మీద 200 మి.మీ. ఎలా కురుస్తుంది? అక్కడ ఉన్నది కురిసిపోతుండగానే చుట్టుపక్కల నుంచి గాలులు కొత్త తేమను మోసుకొచ్చి అదే చోట పోస్తూ ఉంటాయి కాబట్టి. వరద తెచ్చేది నిల్వ ఒక్కటే కాదు, ఆ సరఫరా ఆగకపోవడం. తేమను, గాలిని కలిపి కొలవాలనడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

## కొలిచే దశ

ఆలస్యం నుంచి నీటి ఆవిరి లెక్క ఎలా వస్తుంది?

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సముద్ర మట్టం దగ్గరి స్టేషన్‌లో నడినెత్తి ఆలస్యం మొత్తం 2,620 మి.మీ. అని తేలిందనుకోండి. అక్కడి వాయుపీడనం 1005 హెక్టాపాస్కల్స్. పీడనం తెలిస్తే పొడి గాలి వాటాను లెక్కకట్టవచ్చు, ఇక్కడ అది సుమారు 2,290 మి.మీ. తీసేస్తే మిగిలేది 330. ఇది ఆవిరి వల్ల వచ్చిన ఆలస్యం. దీనిని సుమారు 6.2తో భాగిస్తే 53 మి.మీ. నీటి ఆవిరి అని వస్తుంది. ఆ భాజకం ఎక్కడైనా ఒకటే కాదు, పైగాలి సగటు ఉష్ణోగ్రతను బట్టి 6, 7 మధ్య మారుతుంది.

ఈ లెక్కలో బలహీనమైన చోటు పీడనం. ఒక హెక్టాపాస్కల్ తప్పితే జవాబు దాదాపు 0.35 మి.మీ. తప్పుతుంది. నేల దగ్గర ఎనిమిది మీటర్లు ఎత్తు పెరిగితే పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది. స్టేషన్‌లో పీడన మాపకం లేక, 80 మీటర్లు తక్కువ ఎత్తున్న మరోచోటి విలువను సవరించకుండా తెచ్చి పెట్టారంటే మూడు మి.మీ.కు మించిన తప్పు చేరుతుంది. పద్ధతి సరిగ్గా నడిస్తే వచ్చే తేడా ఒకటి రెండు మి.మీ. మాత్రమే. ఖరీదైన రిసీవర్ పక్కన చిన్న పీడన మాపకం పెట్టకపోవడం నిజంగా బాధ కలిగించే లోటు.

మబ్బులు, చినుకులు కూడా సంకేతాన్ని ఆలస్యం చేయవా?

చేస్తాయి, చాలా స్వల్పంగా. నావిగేషన్ సంకేతాల పౌనఃపున్యంలో ఆవిరి రూపంలోని నీటి అణువు చూపే ప్రభావం ఎక్కువ, ద్రవ బిందువుల ప్రభావం తక్కువ. అందుకే జోరు వానలోనూ ఈ కొలత సాగుతుంది. ఇక చాలా ఎత్తున, విద్యుదావేశ కణాలతో ఉండే అయనోస్ఫియర్ పొర వల్ల వచ్చే ఆలస్యం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రెండు పౌనఃపున్యాలను పోల్చి దాదాపు పూర్తిగా తీసేస్తారు.

ఎంత దూరానికి ఒక స్టేషన్ ఉండాలి?

స్టేషన్ తన నెత్తి మీది గాలినే కాదు, తలకిందులుగా నిలిపిన శంకువు ఆకారంలో చుట్టూ ఉన్న గాలిని కూడా చూస్తుంది. దిగంతం నుంచి పది డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహం సంకేతం, ఆవిరి ఎక్కువగా ఉండే కింది రెండు కిలోమీటర్ల పొరను దాటడానికి అడ్డంగా సుమారు 11 కి.మీ. ప్రయాణిస్తుంది. కాబట్టి 15, 20 కి.మీ.కు ఒకటి ఉంటే చిత్రం చక్కగా కుదురుతుంది. జపాన్‌లో భూఫలకాల కదలికలను గమనించడానికి వేసిన జియోనెట్‌లో దాదాపు 1,300 స్టేషన్లు ఉన్నాయి, వాటి మధ్య దూరం సగటున 20 కి.మీ. భూకంపాల కోసం వేసిన ఆ వలయమే ఇప్పుడు వానల అంచనాకూ పనికివస్తోంది.

సముద్రం మీద స్టేషన్ పెట్టలేము కదా, అక్కడి తేమ సంగతి?

భారీ వర్షాలకు తేమ ఎక్కువగా వచ్చేది సముద్రం నుంచే, స్టేషన్లు లేనిదీ అక్కడే. జపాన్ వాతావరణ సంస్థ ఓడల మీద రిసీవర్లు అమర్చి ఈ లోటును కొంత పూడ్చుతోంది. ఒకే చోట బారులు తీరి గంటల తరబడి కురిసే వాన పట్టీలు అక్కడి పెద్ద సమస్య. 2020 జులైలో క్యుషు దీవిలో కుమా నది వరదకు కారణం అటువంటి పట్టీయే.

రెండో మార్గం, తక్కువ ఎత్తున తిరిగే చిన్న ఉపగ్రహాలు నావిగేషన్ సంకేతం వాతావరణం అంచును రాసుకుంటూ వంగి వచ్చే తీరును కొలవడం. 2006లో, ఆ తర్వాత 2019లో ప్రయోగించిన కాస్మిక్ ఉపగ్రహ బృందాలు ఈ పని కోసమే. ఇవి ఎత్తును బట్టి మార్పును చక్కగా చెబుతాయి కానీ, అడ్డంగా రెండు మూడు వందల కిలోమీటర్ల సగటునే ఇస్తాయి. పెద్ద వాతావరణ స్థితి సరిదిద్దడానికి మేలు. ఏ లోయలో కుంభవృష్టి పడుతుందో వీటితో తేలదు.

రాడార్ కొలిచేది నేరుగా వర్షాన్నేనా?

కాదు. చినుకుల నుంచి తిరిగి వచ్చే శక్తిని కొలుస్తుంది. ఆ శక్తి చినుకు వ్యాసానికి ఆరో ఘాతాన్ని అనుసరిస్తుంది. అంటే మూడు మి.మీ. చినుకు ఒక్కటి, ఒక మి.మీ. చినుకులు 729 ఇచ్చినంత ప్రతిధ్వని ఇస్తుంది. రెండు వానల్లో నీరు ఒకటే అయినా, చినుకుల పరిమాణం వేరైతే రాడార్ వేరుగా చూస్తుంది.

రాడార్ తెర మీద 40 డెసిబెల్స్ కనిపించిందనుకోండి. 1948 నాటి మార్షల్–పామర్ సూత్రం ప్రకారం అది గంటకు 11.5 మి.మీ. వాన. ఉష్ణమండల వానల కోసం వాడే సూత్రం ప్రకారం అదే 40 డెసిబెల్స్ అంటే గంటకు 21.6 మి.మీ. ఒకే రంగు, దాదాపు రెట్టింపు నీరు. ఉష్ణమండల వానకు సమశీతోష్ణ సూత్రం వాడితే ప్రమాదాన్ని సగానికి తగ్గించి చూపినట్టే. అందుకే రాడార్ విలువలను వర్షమాపకాలతో ఎప్పటికప్పుడు సరిచూడాలి. అడ్డంగా, నిలువుగా రెండు రకాల తరంగాలు పంపే కొత్త రాడార్లు చినుకు ఆకారాన్ని కూడా పసిగట్టి ఈ తేడాను బాగా తగ్గిస్తాయి.

దూరాన కురిసే వానను రాడార్ ఎందుకు తక్కువ చేసి చూపిస్తుంది?

కిరణం నేలను అంటిపెట్టుకుని పోదు. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం భూమి వంపు కారణంగా 100 కి.మీ. దూరంలో సుమారు ఒకటిన్నర కి.మీ. ఎత్తున, 200 కి.మీ. దూరంలో నాలుగు కి.మీ.కు పైన ఉంటుంది. దాని కింద కొండవాలున కురిసే వాన కంటికి ఆనదు. కిరణం వెడల్పు కూడా దూరంతో పెరిగి వివరం పలచబడుతుంది.

ఎస్, సీ, ఎక్స్ బ్యాండ్ రాడార్లలో ఏది మంచిది?

అవసరాన్ని బట్టి. దాదాపు పది సెం.మీ. తరంగాలు వాడే ఎస్ బ్యాండ్ జోరు వానను దాటి అవతల ఏముందో కూడా చూస్తుంది, కానీ పరికరం పెద్దది. మూడు సెం.మీ. ఎక్స్ బ్యాండ్ చిన్నది, నగరాలకు, కొండల మధ్య ఖాళీలకు బాగుంటుంది. అయితే ముందున్న గట్టి వాన దాని శక్తిని మింగేసి వెనుక ఉన్న వానను దాచేస్తుంది. సీ బ్యాండ్ ఈ రెండింటికీ మధ్యస్థం.

డాప్లర్ రాడార్ ఉంటే గాలి వేగం మొత్తం తెలిసిపోయినట్టేనా?

రాడార్ వైపు వచ్చే, లేదా దాని నుంచి దూరమయ్యే వేగం మాత్రమే తెలుస్తుంది. పక్కకు పోయే గాలి దానికి సున్నాలాగా కనిపిస్తుంది. ఒకే ప్రాంతాన్ని రెండు రాడార్లు వేర్వేరు దిక్కుల నుంచి చూస్తే చాలా వరకు పూర్తి చిత్రం వస్తుంది. ఒక్కటే ఉన్నా, గాలులు ఎక్కడ ఎదురెదురుగా కలుస్తున్నాయో తరచుగా పట్టుకోవచ్చు.

## వడపోత దశ

తెర మీద వాన కనిపిస్తోంది, బయట చుక్క లేదు. ఎందుకని?

కారణాలు చాలా. కొండలు, భవనాలు, పక్షులు, పురుగుల గుంపులు, నేల వైపు వంగిన కిరణం, ఇవన్నీ ప్రతిధ్వని ఇస్తాయి. ఒక్కోసారి నిజంగానే పైన వాన పడుతూ నేలను చేరకముందే ఆవిరైపోతుంది. వీటిని ఏరివేయకుండా, వాతావరణాన్ని లెక్కకట్టి అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కు ఇస్తే లేని వాన పుడుతుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. కిరణం చేరని చోటును వాన లేని చోటుగా నమోదు చేస్తే ఉన్న వాన మాయమవుతుంది. చూసి లేదనడం, చూడలేకపోవడం రెండూ ఒకటి కావు.

నావిగేషన్ స్టేషన్ విలువల్లో తప్పులు ఎలా పట్టుకుంటారు?

వారాల తరబడి స్టేషన్ విలువను మోడల్ విలువతో పోలుస్తారు. తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటే దానిని సవరించి వాడతారు. ఒక రోజు ఉన్నట్టుండి తేడా గెంతితే, యాంటెన్నా మార్చారనో, పక్కన కొత్త అడ్డు వచ్చిందనో అనుమానించాలి. కొండ ప్రాంతాల్లో మోడల్‌లోని నేల ఎత్తుకూ స్టేషన్ అసలు ఎత్తుకూ తేడా ఉంటుంది. ఆ సవరణ మరిచిపోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

డేటా ఎంత త్వరగా అందాలి?

రాడార్ పూర్తి పరిశీలన ఐదు నుంచి పది నిమిషాల్లో ముగుస్తుంది. నావిగేషన్ డేటా విషయంలో, 2005లో మొదలైన యూరప్ కార్యక్రమం ఈ-జీవాప్ గంట గంటకూ విలువలు లెక్కకట్టి గంటన్నరలోపు అందించే పద్ధతిని స్థిరపరచింది. ఆరు గంటలకు ఒకసారి నడిచే మోడల్‌కు అది చాలు. గంటకోసారి నడిచే మోడల్‌కు చాలదు. ఉపగ్రహాల కక్ష్య, గడియారపు సవరణలు ఇప్పుడు అప్పటికప్పుడే అందుతున్నాయి కాబట్టి నిమిషాల్లో విలువ తేల్చడం సాధ్యమే. ఎంతో కచ్చితంగా లెక్కించి మర్నాడు పంపిన విలువ పరిశోధనకు ఉపయోగం, ఆ రాత్రి వానకు కాదు.

## మోడల్‌లోకి చేర్చే దశ

డేటాను మోడల్‌కు ఇవ్వడమంటే పాత విలువ తీసేసి కొత్తది పెట్టడమేనా?

కాదు, రెండింటినీ తూచి కలపడం. ఒక చోట 48 మి.మీ. ఆవిరి ఉందని మోడల్ అనుకుంటోంది, అది సాధారణంగా 4 మి.మీ. అటూఇటూ తప్పుతుంది. స్టేషన్ 54 అంటోంది, దాని తప్పు 2 మి.మీ. తప్పు తక్కువ ఉన్నదానికి ఎక్కువ దక్కేలా, తప్పుల వర్గాలకు (16, 4) విలోమంగా బరువు వేస్తే స్టేషన్‌కు 80 శాతం విలువ దక్కి జవాబు 52.8 అవుతుంది. అసలు పద్ధతులు ఇదే సూత్రాన్ని లక్షల విలువలకు ఒకేసారి వర్తింపజేస్తాయి. ఒకచోటి సవరణ పక్క ప్రాంతాలకు, పై పొరలకు, గాలికి, ఉష్ణోగ్రతకు ఎంత పాకాలో కూడా అవే నిర్ణయిస్తాయి.

ఆవిరి మొత్తం తెలిసింది సరే, అది ఏ ఎత్తున ఉందో ఎలా?

ఇదే ఈ కొలతలోని అసలైన లోటు. స్టేషన్ మొత్తమే చెబుతుంది. ఏ పొరలో ఎంత అన్నది మోడల్ తన పాత అనుభవం మీద పంచుతుంది. తేమ నేల దగ్గర చేరితే ఉరుములతో వాన, పైపొరల్లో చేరితే వట్టి మబ్బు అన్నంత తేడా వస్తుంది. వేర్వేరు ఉపగ్రహాల వైపు ఏటవాలు ఆలస్యాలను విడివిడిగా వాడటం, బెలూన్ కొలతలతో కలపడం వల్ల ఇది కొంత తగ్గుతుంది. రాడార్ కూడా సాయపడుతుంది. గట్టి ప్రతిధ్వని వచ్చిన మబ్బు పొరలో గాలి దాదాపు సంతృప్తమై ఉంటుందని అనుకోవచ్చు.

రాడార్ చూపిన వానను నేరుగా మోడల్‌లో పెట్టవచ్చు కదా?

పెడితే నిమిషాల్లో కురిసి మాయమవుతుంది. ఆ వానను నిలబెట్టే పైకి లేచే గాలి, తేమ, వేడి మోడల్‌లో లేవు కాబట్టి. అందుకే వానను కాకుండా, వానకు మూలమైన స్థితిని సరిచేస్తారు. ఆవిరి నీరుగా మారినప్పుడు వెలువడే వేడిని మోడల్‌లో చేర్చడం ఒక దారి. ఫ్రాన్స్ అరోమ్ మోడల్‌లో రాడార్ ప్రతిధ్వని నుంచి ముందు తేమ వివరం రాబట్టి, దానిని మోడల్‌కు ఇస్తారు. 2014లో అమెరికాలో సేవలోకి వచ్చిన హెచ్ఆర్ఆర్ఆర్ మోడల్ మూడు కి.మీ. గ్రిడ్‌తో గంటకోసారి కొత్తగా నడుస్తూ, పావుగంటకో రాడార్ చిత్రాన్ని వాడుకుంటుంది. మోడల్ ఊహించిన చోట వాన లేదని రాడార్ చూపడం కూడా అంతే విలువైన సమాచారం.

రెండూ కలిపితే అంచనా నిజంగా బాగుపడుతుందా?

బాగుపడుతుంది, హద్దులున్నాయి. రాడార్ ప్రభావం ఎక్కువగా మొదటి కొద్ది గంటల్లో ఉంటుంది. విడివిడి మేఘాల ఆయుష్షే తక్కువ. తేమ సవరణ సాధారణంగా మరికొంతసేపు నిలుస్తుంది. గాలులు తప్పుగా ఉన్న మోడల్‌లో తేమ ఒక్కటే పెంచితే వాన తప్పు చోట ఇంకా జోరుగా కురిసే ప్రమాదం ఉంది. తేమతో పాటు డాప్లర్ గాలిని కూడా ఇవ్వాలనేది అందుకే.

## అంచనాను చదివే దశ

వచ్చే గంటలో మా వీధిలో వాన పడుతుందో లేదో చెప్పగలరా?

ఇప్పటికే ఉన్న వాన కదలికను ముందుకు పొడిగించి గంట, రెండు గంటల వరకు బాగానే చెప్పవచ్చు. కొత్తగా పుట్టబోయే మేఘాన్ని ఆ పద్ధతి చూడలేదు. అందుకే మొదటి గంటకు రాడార్ పొడిగింపును, తర్వాతి గంటలకు మోడల్‌ను ఎక్కువగా నమ్ముతూ రెండింటినీ కలిపి ఇస్తారు.

ఆవిరి గ్రాఫ్ పైకి ఎగబాకితే వాన ఖాయమా?

ఖాయం కాదు. తేమ ఎంత ఉన్నా గాలిని పైకి లేపే కారణం లేకపోతే ఉక్కపోతతో సరి. కొన్ని గంటల్లో వేగంగా పెరగడం, ఆ ప్రాంతానికి ఆ నెలలో మామూలుగా ఉండే స్థాయిని బాగా దాటడం, గాలులు ఒకచోట కలవడం, ఇవి మూడూ కలిసి కనిపిస్తే అప్రమత్తం కావాలి.

అంచనా వేసిన వాన 30 కి.మీ. పక్కన పడింది. అది తప్పు అంచనానేనా?

ఎవరికి అన్నదాన్ని బట్టి. బిందువుకు బిందువు పోల్చితే అది రెండుసార్లు తప్పు: పడుతుందన్న చోట పడలేదు, పడదన్న చోట పడింది. అందుకే ఇప్పుడు పరిసర ప్రాంతాన్ని కలిపి, అంతటిలో ఎంత భాగానికి వాన అన్న లెక్కతో మార్కులు వేస్తారు. ఇది న్యాయమైన పద్ధతి. కానీ ఆ 30 కి.మీ. మధ్యలో నీటి విభాజక రేఖ ఉంటే నీరు మరో నదిలోకి పోతుంది, వరద హెచ్చరిక తప్పిపోతుంది. ఒకే మ్యాప్ కాకుండా, కొద్ది తేడాలతో మోడల్‌ను అనేకసార్లు నడిపి ఏ నదీ పరివాహకానికి ఎంత అవకాశమో చెప్పడం మేలు.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక ఈ స్టేషన్లు, రాడార్లు ఎందుకు?

కృత్రిమ మేధ నేర్చుకునేది వీటి నుంచే. 2021లో డీప్‌మైండ్ బ్రిటన్ వాతావరణ సంస్థతో కలిసి చూపిన గంటన్నర ముందస్తు వాన అంచనా పూర్తిగా రాడార్ చిత్రాల మీద నేర్చుకున్నది. రోజుల ముందు అంచనా వేసే మేధా మోడళ్లలో చాలా వరకు పరిశీలనలతో తయారైన ఆరంభ స్థితినే తీసుకుని పరుగు మొదలుపెడతాయి. ఆ స్థితిలో తేమ తప్పితే అవీ తప్పుతాయి.

వనరులు తక్కువగా ఉన్నచోట ముందు ఏ పని చేయాలి?

ఇప్పటికే సర్వే కోసం, భూకంపాల కోసం నడుస్తున్న స్టేషన్ల డేటాను వాతావరణ విభాగానికి నిమిషాల్లో చేరేలా చేయాలి. చాలాచోట్ల కొరత పరికరాలది కాదు, రెండు విభాగాల మధ్య దారిది. తర్వాత ప్రతి స్టేషన్‌లో పీడన మాపకం పెట్టాలి. ఆపై ఉన్న రాడార్‌ను క్రమంగా తనిఖీ చేస్తూ, దాని పరిధిలో నమ్మకమైన వర్షమాపకాలు నాటాలి. కొత్త రాడార్ కొనే ఆలోచన వస్తే, ఇప్పటి కిరణం ఏ లోయలను చూడలేకపోతోందో మ్యాప్ గీసి, కొత్తదాన్ని ఆ లోయలు కనిపించే చోట పెట్టాలి.